గీజర్‌లో కొత్త థర్మోస్టాట్, గోడ మీద స్మార్ట్ స్విచ్: 230 వోల్టుల పని ఇంట్లో ఎలా చేసుకోవాలి

మా అమ్మానాన్న అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో మాతో ఉంటున్నప్పటి నుంచి మా ఇంట్లో గీజర్ ఒక పెద్ద సమస్య అయిపోయింది. అమ్మ పొద్దున అయిదింటికే లేచి స్విచ్ వేస్తుంది, స్నానం కాగానే పూజలో కూర్చుంటుంది, ఇక దాన్ని ఆపడం గుర్తుండదు. నేను తొమ్మిదింటికి ఆఫీసుకు బయల్దేరుతూ చూస్తే ఆ ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. దానికి తోడు పోయిన డిసెంబరులో ఒకరోజు కుళాయి తిప్పగానే పొగలు కక్కే నీళ్లు వచ్చాయి, మర్నాడు గోరువెచ్చగా కూడా లేవు. నీళ్లు చాలినంత వేడెక్కగానే కరెంటు ఆపే లోపలి థర్మోస్టాట్ పోతోందని అర్థమైంది. ఎలాగూ మార్చాలి కదా, ఆ చేత్తోనే ఫోన్‌లో ఆపుకునేలా స్మార్ట్‌ది పెట్టేస్తే పోతుందనుకున్నాను. ఆ పని చేస్తూ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో తప్పు చేస్తే నష్టం డబ్బుతో పోదు, తడి ఒంటితో గీజర్ కింద నిలబడేది మన ఇంట్లోవాళ్లే.

డల్లాస్‌లో ఉండే మా బావకి ఫోన్‌లో ఈ సంగతి చెబితే, "మా ఇంట్లో నెస్ట్ స్మార్ట్ థర్మోస్టాట్ ఉంది బావా, ఫోన్‌లోనే అన్నీ తిప్పుకోవచ్చు, సంక్రాంతికి వచ్చేటప్పుడు నీకూ ఒకటి పట్టుకొస్తాలే" అన్నాడు. ప్రేమగానే అన్నాడు కానీ అది ఇక్కడ పనికిరాదు. అమెరికా ఇళ్లలో గోడ మీద కనిపించే ఆ థర్మోస్టాట్ 24 వోల్టులతో పనిచేస్తుంది. ఇల్లంతటినీ వేడిచేసే యంత్రానికి "మొదలుపెట్టు, ఆపు" అని సంకేతం పంపడమే దాని పని, ఆ యంత్రాన్ని నడిపే కరెంటు దానిలోంచి పోదు. మన గీజర్ థర్మోస్టాట్ అలా కాదు, 230 వోల్టుల కరెంటు నేరుగా దాని కాంటాక్టుల గుండానే నీళ్లు వేడిచేసే కాయిల్‌కి వెళ్తుంది. 24 వోల్టుల వస్తువుకి 230 తగిలిస్తే అక్కడికక్కడే కాలిపోతుంది. అక్కడ కూడా చలి ప్రాంతాల్లో, కెనడాలో, గోడల అడుగున పెట్టే కరెంటు హీటర్లకి 120, 240 వోల్టులు నేరుగా తట్టుకునే థర్మోస్టాట్లు ఉన్నాయి, వాటిలో స్మార్ట్‌వి కూడా దొరుకుతాయి. కానీ అవి కొలిచేది గదిలో గాలి వేడిని. మనకు కావలసింది ట్యాంకులో నీళ్ల వేడి.

కాబట్టి నేను తేల్చుకున్నది ఇదీ: గీజర్ లోపల పాత థర్మోస్టాట్ స్థానంలో అదే రకం కొత్తది, తెలివైన పనంతా బయట గోడ మీద ఉండే స్విచ్‌కి. లోపలి థర్మోస్టాట్‌ని తీసేసి, వైర్లు నేరుగా కలిపేసి, "ఇక యాప్ చూసుకుంటుంది" అనే వాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయొద్దు. వైఫై పోయినా, యాప్ మొరాయించినా, స్మార్ట్ స్విచ్‌లో కరెంటుని కలిపి విడగొట్టే రిలే అతుక్కుపోయినా నీళ్లు మరగకుండా ఆపేది లోపలున్న ఆ చిన్న థర్మోస్టాట్, దాని పక్కనే ఉండే కటౌట్ (వేడి మరీ మించితే కరెంటు ఆపేసేది). మూసి ఉన్న ట్యాంకులో నీళ్లు మరిగితే ఆవిరి ఒత్తిడికి ట్యాంకే పేలిపోవచ్చు.

ముందు మీ గీజర్ ఎంత కరెంటు లాగుతుందో చూడండి

గీజర్ అడుగున స్టిక్కర్ మీద వాట్లు రాసి ఉంటాయి. మన ఫ్లాట్లలో ఎక్కువగా కనిపించే 15, 25 లీటర్లవి 2000 వాట్లు ఉంటాయి, గుప్పెడు నీళ్లని అప్పటికప్పుడు వేడిచేసే చిన్న ఇన్‌స్టంట్ గీజర్లు 3000 వాట్లు. వాట్లని 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి: 2000కి 8.7, 3000కి 13. దీన్నిబట్టే ఏ స్మార్ట్ స్విచ్ కొనాలో తెలుస్తుంది. 6 ఆంపియర్లది లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే. 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ 2000 వాట్ల గీజర్‌కి సరిపోతుందని కాగితం మీద అనిపిస్తుంది కానీ, అరగంట పాటు ఏకధాటిగా 8.7 ఆంపియర్లు పోతే అది బాగా వేడెక్కుతుంది. మా పక్క ఫ్లాట్‌లో చవగ్గా దొరికిందని తెచ్చిపెట్టిన ఒక ప్లగ్ నెల తిరక్కముందే సాకెట్‌కి అతుక్కుపోయి, ఊడదీస్తే సాకెట్ ముఖం కూడా ఊడొచ్చింది. 16 ఆంపియర్లది తీసుకోండి, అంతకు తక్కువ వద్దు. 3000 వాట్ల వాటికి 16 కూడా అంచు మీదే ఉన్నట్టు, అక్కడ డీబీలో (ఇంటి కరెంటు పంచే పెట్టెలో) 25 ఆంపియర్ల కాంటాక్టర్, అంటే పెద్ద కరెంటుని కలిపి విడగొట్టే స్విచ్, పెట్టించి, స్మార్ట్ స్విచ్‌తో ఆ కాంటాక్టర్‌ని మాత్రమే ఆడించడం మంచి పద్ధతి. అయినా ఇన్‌స్టంట్ గీజర్‌కి టైమర్‌తో పెద్దగా పనిలేదు, కుళాయి కట్టాక దాన్ని ఎలాగూ ఆపేస్తాం.

తర్వాత వైరు. గీజర్‌కి సాధారణంగా 4 స్క్వేర్ (4 చదరపు మిల్లీమీటర్ల) వైరు వేస్తారు, 2.5 స్క్వేర్ మంచి రాగి వైరైనా 2000 వాట్లకి నడుస్తుంది. వైరు తొడుగు మీద ఈ అంకె అచ్చు వేసి ఉంటుంది. పాత ఇళ్లలో 1 స్క్వేర్, 1.5 స్క్వేర్ వైరుతోనే గీజర్ నడిపిస్తుంటారు, అలా ఉంటే స్మార్ట్ స్విచ్ సంగతి పక్కనపెట్టి ముందు వైరు మార్పించండి. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్) కూడా వైరుకి తగ్గట్టు 16 లేదా 20 ఆంపియర్లది ఉండాలి. మాటిమాటికీ పడిపోతోందని 32 పెట్టించుకున్న ఇళ్లున్నాయి. అలా చేస్తే ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఆర్‌సీసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్. డీబీలో మిగతా వాటికన్నా వెడల్పుగా ఉండి, 'టీ' అనే చిన్న బటన్ ఉంటుంది చూడండి, అదే. దాని మీద 30 మిల్లీఆంపియర్లు అని ఉండాలి. ఆ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది పనిచేయడం లేదన్నమాట, అసలు లేకపోతే ఇల్లు ప్రమాదంలో ఉన్నట్టే. ఒంట్లోంచి కరెంటు పారినప్పుడు ప్రాణం నిలబెట్టేది ఆర్‌సీసీబీనే, ఎంసీబీ కాదు. మీ దగ్గర డబ్బు ఒక్క వస్తువుకే ఉంటే స్మార్ట్ స్విచ్ ఈ ఏడాదికి మానేసి ఆర్‌సీసీబీ పెట్టించండి.

ఏ పని ఎవరు చేయాలి

మీరు ఇంతకుముందు స్విచ్ బోర్డు ఎప్పుడూ విప్పి ఉండకపోతే, వైర్ల పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చి, కొలవడం, కొనడం, యాప్‌లో అమర్చడం మీరు చేసుకోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ దగ్గర నిలబడి చూడండి, కింద రాసినవి ఆయన చేస్తున్నాడో లేదో గమనించండి. బెంగళూరులో చాలామంది ఎలక్ట్రీషియన్లకి తెలుగు వస్తుంది కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు. గీజర్ ఇంకా వారంటీలో ఉంటే దాని మూత మీరు విప్పకండి, కంపెనీ మనిషినే పిలవండి. అద్దె ఇల్లయితే ఓనర్‌కి ఒక మాట చెప్పి, గోడ బోర్డు జోలికి పోకుండా 16 ఆంపియర్ల ప్లగ్ రకం తీసుకుంటే ఇల్లు మారేటప్పుడు ఊడదీసుకుని వెళ్లిపోవచ్చు.

పనిముట్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక మల్టీమీటర్, ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, వైరు కొనలకి వేసే లగ్గులు, కాళ్లకి రబ్బరు చెప్పులు, కదలని స్టూలు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఇవన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. నియాన్ టెస్టర్‌ని ఒక్కదాన్నే నమ్మొద్దు. అది వెలగకపోతే కరెంటు లేదని అనుకోవడానికి లేదు, లోపలి బల్బు పోయినా వెలగదు.

కరెంటు నిజంగా పోయిందా

గీజర్ ఎంసీబీ దించండి, మెయిన్ కూడా దించేస్తే ఇంకా నిశ్చింత. ఇంట్లో అందరికీ చెప్పండి, డీబీ మీద "పని జరుగుతోంది, వేయకండి" అని కాగితం అంటించండి. మా ఇంట్లో నాన్న ఫ్యాన్ ఆగిందని లేచి ఎంసీబీ ఎత్తబోయాడు, కాగితం చూసి ఆగాడు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది: బెస్కామ్ (ఇక్కడి కరెంటు సంస్థ) లైను, జనరేటర్ లైను, ఇన్వర్టర్ లైను మూడూ ఒకే బోర్డులోకి రావచ్చు. గీజర్ వైరు చచ్చినా దాని పక్కనే ఉన్న బాత్రూమ్ లైటు స్విచ్‌లో ఇన్వర్టర్ కరెంటు బతికే ఉంటుంది. అందుకే ఇన్వర్టర్ కూడా ఆపండి, బోర్డులో ఉన్న ప్రతి వైరునీ కొలవండి.

కొలిచే పద్ధతి: మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ముందు కరెంటు ఉన్న సాకెట్‌లో చూడండి, 230 దరిదాపుల్లో చూపిస్తే మీటరు బాగున్నట్టు. మెయిన్ దించకముందే ఈ పని కానివ్వండి. తర్వాత పనిచేయబోయే చోట ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు)-న్యూట్రల్ (తిరిగి తీసుకెళ్లే వైరు), ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ సున్నా రావాలి. మళ్లీ ఒకసారి మీటరుని ఎక్కడైనా కరెంటు ఉన్న చోట చూసుకోండి, మెట్ల దగ్గరి సాకెట్ అయినా సరే. ఈ మూడో అడుగు చాలామంది వదిలేస్తారు, మధ్యలో మీటరు వైరు తెగితే అన్నీ సున్నాలే చూపిస్తుంది కదా.

కరెంటు ఉన్నప్పుడే ఎర్త్ సంగతి కూడా తేల్చుకోండి. గీజర్ సాకెట్‌లో ఫేజ్-ఎర్త్ మధ్య దాదాపు 230, న్యూట్రల్-ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు రావడం మామూలు. ఫేజ్-ఎర్త్ మధ్య ఏమీ రాకపోతే ఎర్త్ లేదు. న్యూట్రల్-ఎర్త్ మధ్య కచ్చితంగా సున్నా వస్తుంటే కరెంటు తీసేశాక ఆ సాకెట్ విప్పి చూడండి, ఎవరో ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేసి ఉండొచ్చు. అది చాలా ప్రమాదకరం: ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే గీజర్ ఒళ్లంతా, దానికి ఇనప పైపులుంటే కుళాయి దాకా, కరెంటు వచ్చేస్తుంది.

లోపలి థర్మోస్టాట్ మార్చడం

గోడకి నిలువుగా బిగించే గీజర్లలో అడుగున ప్లాస్టిక్ మూత ఉంటుంది. రెండో నాలుగో స్క్రూలు విప్పితే ఊడుతుంది. విప్పగానే వైర్లు ముట్టుకోకముందు ఫొటో తీయండి, రెండు మూడు కోణాల్లో. నీళ్లు కారిన మరకలు, తుప్పు, నల్లబడిన తీగలు ఉన్నాయేమో చూడండి. కాయిల్ బిగించిన పళ్లెం చుట్టూ తడి ఉంటే అది థర్మోస్టాట్‌తో తీరే సమస్య కాదు, గాస్కెట్ (నీళ్లు కారకుండా పెట్టే రబ్బరు) పోయినట్టు.

రెండు రకాల థర్మోస్టాట్లు కనిపిస్తాయి. ఒకటి కడ్డీలాంటిది, పళ్లెంలో ఉన్న గొట్టంలోకి నిలువుగా దూరుతుంది. రెండోది సన్నటి రాగి తీగలాంటి గొట్టం చివర చిన్న బుడిపె ఉండేది, బయట గుండ్రటి నాబ్ ఉన్న గీజర్లలో ఇదే ఉంటుంది. రెంటికీ నీళ్లు నేరుగా తగలవు, అవి ఉండేది పొడి గొట్టంలో. కాబట్టి థర్మోస్టాట్ ఒక్కటే మారుస్తున్నప్పుడు ట్యాంకు ఖాళీ చేయక్కర్లేదు. కాయిల్ మార్చాలంటే మాత్రం నీళ్లు పూర్తిగా దించాల్సిందే. పాతది ఊడదీసి చేతిలో పట్టుకునే కొట్టుకి వెళ్లండి, కడ్డీ పొడవు, ఆంపియర్లు, తీగలు తగిలించే నాలుకలు మూడూ ఒకేలా ఉన్నది తీసుకోండి. కడ్డీ పొట్టిదైతే నీళ్ల వేడిని ఆలస్యంగా పసిగడుతుంది, పొడుగుదైతే గొట్టంలో పూర్తిగా దిగదు.

తీగలు ఊడి ఉన్నప్పుడే కాయిల్‌ని కూడా పరీక్షించండి, మళ్లీ మళ్లీ మూత విప్పే పని తప్పుతుంది. మీటరుని ఓమ్స్ మీద పెట్టి కాయిల్ రెండు కొనల మధ్య కొలిస్తే 2000 వాట్లదానికి 26 ఓమ్స్ దగ్గర రావాలి, 3000 వాట్లదానికి 17 లేదా 18. ఒక కొన నుంచి ట్యాంకు ఒంటికి కొలిస్తే ఏమీ చూపించకూడదు. ఏదైనా అంకె వస్తే కాయిల్ తొడుగు చిల్లిపడి కరెంటు లీకవుతోందని, అప్పుడు గీజర్ వాడటం వెంటనే ఆపేయాలి. మన బెంగళూరులో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఫ్లాట్లలో ఇది ఎక్కువ. ఆ ఉప్పు నీళ్లకి కాయిల్ చుట్టూ సున్నంలా తెల్లటి పెచ్చు కడుతుంది, దాంతో వేడి నీళ్లలోకి పోక కాయిల్ తనలో తానే కాలిపోతుంది. మా గీజర్‌లో థర్మోస్టాట్ గతి తప్పడానికీ ఆ పెచ్చే కారణం, గొట్టం చుట్టూ మందంగా పేరుకుపోయి ఉంది.

కొత్త థర్మోస్టాట్ దూర్చి, ఫొటో చూసుకుంటూ తీగలు ఎక్కడివి అక్కడ తగిలించండి. తగిలించిన ప్రతి తీగనీ వేలితో లాగి చూడండి, వదులుగా వస్తే కొసని ప్లేయర్‌తో కాస్త నొక్కి బిగించండి. ఆకుపచ్చ ఎర్త్ తీగ ట్యాంకు ఒంటికి గట్టిగా బిగిసి ఉండాలి. కటౌట్ మీద చిన్న బటన్ పైకి లేచి ఉంటే నొక్కి పెట్టవచ్చు, కానీ అది ఎందుకు లేచిందో తెలియకుండా నొక్కితే ప్రయోజనం లేదు. అది లేచిందంటే గీజర్ ఒకసారి మరీ వేడెక్కినట్టే. థర్మోస్టాట్‌ని 60 డిగ్రీల దగ్గర ఉంచండి. కరెంటు ఆదా అవుతుందని 40కి తగ్గించేవాళ్లున్నారు, నిలవ నీళ్లు ఆ వేడిలో రోజుల తరబడి ఉంటే లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆదా చేసేది టైమర్‌తో, డిగ్రీలతో కాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు బకెట్‌లో పట్టే అలవాటు చేయండి.

స్మార్ట్ స్విచ్ ఎక్కడ కూర్చోవాలి

గీజర్‌కి గోడ మీద పెద్ద డీపీ స్విచ్ ఉంటుంది, 20 ఆంపియర్లది, ఎర్ర లైటుతో. అది ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెంటినీ కట్ చేస్తుంది. మనం కొనే స్మార్ట్ మాడ్యూళ్లు (స్విచ్ పెట్టెలో పట్టే స్మార్ట్ స్విచ్‌లు) చాలావరకు ఫేజ్‌ని మాత్రమే కట్ చేస్తాయి. అందుకే డీపీ స్విచ్ తీసేసి దాని స్థానంలో స్మార్ట్‌ది పెట్టడం నాకు ఇష్టం లేదు. డీపీ స్విచ్ ఉండనివ్వండి, దాని తర్వాత స్మార్ట్ మాడ్యూల్ రావాలి, ఆ తర్వాత గీజర్. రిపేరుకి ఎవరైనా వస్తే డీపీ ఆపి, ఎంసీబీ దించి పనిచేయాలి. యాప్‌లో ఆఫ్ అని ఉంది కదా అని ఎవరూ తీగ ముట్టుకోకూడదు, ఎందుకంటే ఇంకో గదిలో ఎవరో ఫోన్ నొక్కితే, లేదా టైమర్ సమయం వస్తే, అది ఆన్ అయిపోతుంది.

మాడ్యూల్ బాత్రూమ్ లోపల వద్దు. ఆవిరి, నీటి తుంపరలు పడే చోట ఏ ఎలక్ట్రానిక్ వస్తువూ నిలవదు, పైగా షాక్ ప్రమాదం. మాకు డీపీ స్విచ్ బాత్రూమ్ తలుపు బయట ఉంది కాబట్టి ఆ పెట్టెలోనే చోటు దొరికింది. మీ సాకెట్ లోపలే, గీజర్ పక్కనే ఉంటే స్మార్ట్ ప్లగ్ అక్కడ గుచ్చకండి, బయట బోర్డులోనో డీబీలోనో పెట్టించండి. డాబా మీద సోలార్ హీటర్ ఉన్న ఇళ్లకి కూడా ఇదే సలహా: మబ్బు రోజుల్లో వాడే బ్యాకప్ కాయిల్‌ని స్మార్ట్ చేయాలంటే మాడ్యూల్‌ని పైన ట్యాంకు దగ్గర కాకుండా కింద డీబీలో పెట్టండి, వానకి తడవదు, వైఫై కూడా అందుతుంది.

ఇప్పుడు వైర్ల రంగులు. మన ఇళ్ల గోడల్లో ఫేజ్ ఎరుపు, పసుపు, నీలం మూడింట్లో ఏదైనా కావచ్చు, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. అయితే గీజర్‌తో వచ్చే కార్డులో ఫేజ్ గోధుమ రంగు, న్యూట్రల్ నీలం, ఎర్త్ పసుపు-ఆకుపచ్చ. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఫ్లాట్‌లో గోడలోంచి వచ్చిన నీలం వైరు ఫేజ్ అయి, గీజర్ కార్డులోని నీలం న్యూట్రల్ అవుతుంది. రంగు చూసి నీలాన్ని నీలంతో కలిపేశారంటే ఫేజ్, న్యూట్రల్ తారుమారవుతాయి, స్మార్ట్ స్విచ్ ఆపినా కాయిల్‌లో కరెంటు నిలిచే ఉంటుంది. రంగుని నమ్మకండి, మీటరుతో కొలిచి, ఫేజ్‌కి ఎర్ర టేపు ముక్క చుట్టుకోండి.

మాడ్యూల్ మీద సాధారణంగా నాలుగు బిగింపులుంటాయి: లోపలికి వచ్చే ఫేజ్, లోపలికి వచ్చే న్యూట్రల్, గీజర్‌కి వెళ్లే ఫేజ్, చేత్తో నొక్కే స్విచ్‌కి ఒకటి. కొన్నింటిలో గీజర్‌కి వెళ్లే న్యూట్రల్‌కి వేరే బిగింపు ఉంటుంది. పెట్టెతో వచ్చిన బొమ్మ చూసుకోండి, ఒక్కో కంపెనీది ఒక్కో వరస. ఎర్త్ మాడ్యూల్‌లోకి పోదు, గోడ నుంచి నేరుగా గీజర్‌కి వెళ్తుంది, దాన్ని ఎక్కడా తెంచకండి.

నేను ఎక్కువ సమయం పెట్టింది స్క్రూలు బిగించడం మీదే. మా పాత డీపీ స్విచ్ విప్పితే ఫేజ్ వైరు చుట్టూ ప్లాస్టిక్ కరిగి బెల్లం పాకంలా గట్టిపడి ఉంది. స్విచ్ నాసిరకం కాదు, పెట్టినవాళ్లు స్క్రూ సరిగ్గా బిగించలేదు, అంతే. వదులు జాయింటులో కరెంటు పారితే అక్కడ వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది, ఎంసీబీకి ఇది తెలియదు, ఎందుకంటే కరెంటు ఎక్కువేమీ పోవడం లేదు కదా. అందుకని కాలిన కొసని కత్తిరించి, కొత్తగా రాగి బయటపెట్టి, పోగులన్నీ కలిపి మెలితిప్పి, లగ్గు వేసి నొక్కి, అప్పుడు బిగించండి. ఒక్క పోగు కూడా బయట ఉండకూడదు. 4 స్క్వేర్ వైరు కొన్ని చిన్న మాడ్యూళ్ల రంధ్రాల్లో పట్టదు. అప్పుడు పోగులు కొన్ని కత్తిరించి సన్నం చేస్తుంటారు, అది తప్పు, ఆ వైరు పట్టే మాడ్యూల్ వెతుక్కోండి.

అమ్మ కోసం చేత్తో నొక్కే బటన్ కచ్చితంగా కలపండి. ఫోన్ ఉంటేనే వేడినీళ్లు అంటే పెద్దవాళ్లకి అది శిక్ష. కాలింగ్ బెల్ నొక్కినట్టు ఒకసారి నొక్కితే గీజర్ మొదలవ్వాలి, దానంతటదే ఆగాలి.

యాప్‌లో ఏమేం పెట్టాలి

ఈ వస్తువులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైతోనే కలుస్తాయి, మీ రూటర్‌లో 5 మాత్రమే ఉంటే కనపడదు. కలిశాక మొట్టమొదట వెతకాల్సింది కరెంటు పోయి వచ్చినప్పుడు స్విచ్ ఏ స్థితిలో ఉండాలి అన్న సెట్టింగ్. అది ఆఫ్ మీద పెట్టండి. మన దగ్గర కరెంటు పోతే జనరేటర్ వస్తుంది, జనరేటర్ మీద ఒక్కో ఫ్లాట్‌కి కొద్దిపాటి లోడే ఇస్తారు, ఆ సమయంలో గీజర్ ఆన్ అయితే ఫ్లాట్ మొత్తం కరెంటు పడిపోతుంది. ఊరెళ్లినప్పుడు కరెంటు పోయి వచ్చి, ఖాళీ ఇంట్లో గీజర్ రోజంతా నడవడం కూడా వద్దు కదా.

రెండోది, ఆన్ అయ్యాక దానంతటదే ఆగే సమయం. దీనికి చిన్న లెక్క చాలు. 15 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60కి రావాలంటే 15ని 40తో గుణిస్తే 600 కిలోకేలరీలు. ఒక యూనిట్ కరెంటు 860 కిలోకేలరీలు. అంటే 0.7 యూనిట్, 2000 వాట్ల కాయిల్‌తో 21 నిమిషాలు. 25 లీటర్లకి దాదాపు 35 నిమిషాలు. నేను మా 15 లీటర్ల దానికి 30 నిమిషాలు పెట్టాను, చలికాలం బెంగళూరు పొద్దుటి నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి కాస్త ఎక్కువ. ఆ 15 లీటర్ల వేడినీళ్లకి సమానంగా చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల దగ్గర 30 లీటర్లు, అంటే రెండు బకెట్లు. ఇద్దరి స్నానానికి ఒకసారి నొక్కితే చాలు.

వాట్లు చూపించే రకం కొనండి, కాస్త ధర ఎక్కువైనా. స్మార్ట్ స్విచ్‌కి నీళ్ల వేడి తెలియదు, కానీ థర్మోస్టాట్ కట్ అయిన క్షణంలో యాప్‌లో 2000 దగ్గరున్న అంకె సున్నాకి పడిపోతుంది. అది చూసి నీళ్లు ఎప్పుడు కాగాయో చెప్పవచ్చు. ఇంకో ఉపయోగం: మొదటి వారం ఎన్ని నిమిషాలకి కట్ అవుతోందో రాసిపెట్టుకోండి. మరుసటి ఏడాది అదే కాలంలో ఎక్కువసేపు తీసుకుంటుంటే లోపల పెచ్చు కట్టిందేమో చూడాలి. అసలు ఎప్పటికీ కట్ అవకపోతే థర్మోస్టాట్ అతుక్కుపోయినట్టు, ఆ రోజే వాడకం ఆపి మూత విప్పించాలి. మా పాత థర్మోస్టాట్ సంగతి ఇలా ముందే తెలిసుంటే డిసెంబరులో అమ్మ చెయ్యి కాలేది కాదు.

పొద్దున 4.40కి ఆన్ అని షెడ్యూల్ పెట్టాను, అమ్మ లేచేసరికి నీళ్లు సిద్ధం. ఈ షెడ్యూల్ స్విచ్‌లోనే దాచుకునే రకమా, ఇంటర్నెట్ మీద ఆధారపడే రకమా అన్నది పరీక్షించండి: రూటర్ ఆపేసి, అయిదు నిమిషాల తర్వాతకి షెడ్యూల్ ముందే పెట్టి ఉంచి, ఆన్ అవుతుందో లేదో చూడండి. ఆటోమేటిక్‌గా ఆగడం కూడా అలాగే చూడండి. ఆన్ అవకపోతే చన్నీళ్ల స్నానంతో పోతుంది, ఆగకపోతేనే ఇబ్బంది. ఇక కర్ణాటకలో గృహజ్యోతి కింద ఉచిత కరెంటు తీసుకునేవాళ్లకి ఇంకో లెక్క ఉంది, నెలకి 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. హద్దు దగ్గర ఉన్న ఇంట్లో రోజంతా మరిచిపోయిన గీజర్ ఆ తేడా తీసుకురాగలదు.

మొదటి రోజు, ఆ తర్వాత

అన్నీ బిగించి, మూతలు పెట్టి, ట్యాంకులో నీళ్లున్నాయని కుళాయి తిప్పి చూసుకుని, అప్పుడు ఎంసీబీ ఎత్తండి. నీళ్లు లేకుండా కాయిల్ వెలిగిస్తే నిమిషాల్లో పోతుంది. మొదటిసారి నడుస్తున్నప్పుడు అక్కడే ఉండండి. పది నిమిషాలకి ఒకసారి స్విచ్ ప్లేటు మీద చేతి వెనకభాగం ఆనించి చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా, చిటపటమని చప్పుడు వినిపించినా వెంటనే ఎంసీబీ దించేయండి. నీళ్లు కాగి కట్ అయ్యాక ఆర్‌సీసీబీ బటన్ ఒకసారి నొక్కి చూడండి. కుళాయి ముట్టుకుంటే చిన్నగా జిల్లుమన్నా సరే, ఎవరినీ స్నానానికి పంపకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

నెల తర్వాత ఒక ఆదివారం మళ్లీ మెయిన్, ఇన్వర్టర్ ఆపి, మీటరుతో కొలిచి, బోర్డు మూత తీసి ఆ నాలుగు స్క్రూలూ ఇంకోసారి బిగించండి. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి రాగి కాస్త సర్దుకుంటుంది, మావి రెండు స్క్రూలు పావు చుట్టు తిరిగాయి.